కిడ్నాప్ కేసులో శిక్ష పడ్డాక ఉచిత అప్పీలు: లీగల్ ఎయిడ్ సేవకు ఎన్ని మార్కులు?

ట్రయల్ నడిచినన్నాళ్లూ అప్పోసప్పో చేసి లాయరు ఫీజు కట్టిన ఇల్లు, శిక్ష పడిన రోజుకి చేతులెత్తేస్తుంది. కోర్టు వరండాలో ఎవరో ఒకరు అంటారు: "లీగల్ ఎయిడ్‌లో వేయించండి, ఫ్రీయే కదా." పక్కనే ఇంకొకరు: "ఫ్రీ లాయరు ఏం వాదిస్తాడులే!" ఈ రెండు మాటల మధ్య ఉన్న సేవను ఇక్కడ తూకం వేస్తున్నాం. మైనర్‌ను కిడ్నాప్ చేసినట్టు నేరం రుజువైన కేసుల్లో, అంటే ఐపీసీ 363 (కిడ్నాప్), 366 (పెళ్లికో శారీరక సంబంధానికో బలవంతపెట్టే ఉద్దేశంతో ఆడమనిషిని కిడ్నాప్) సెక్షన్ల కింద, 2024 జులై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగిన నేరమైతే భారతీయ న్యాయ సంహిత 137, 87 సెక్షన్ల కింద శిక్ష పడ్డ మనిషికి, న్యాయ సేవాధికార సంస్థలు పైసా తీసుకోకుండా వేసిపెట్టే అప్పీలు గురించి.

మార్కులు ముందే చెప్పేస్తాం. మొత్తమ్మీద ఐదుకి మూడున్నర. అప్పీలును కోర్టు గడప దాటించడంలో నాలుగున్నర. శిక్ష సస్పెండ్ చేయించి, అంటే అప్పీలు తేలేదాకా శిక్ష అమలు ఆపించి, మనిషిని బయటికి తేవడంలో మూడున్నర. ఫైలు ఎక్కడుందో ఇంటివాళ్లకు చెప్పడంలో రెండు, అదీ మొహమాటానికి. ఒకే సేవలో ఒకరి అప్పీలు బాగా నడిచి ఇంకొకరిది మూలన పడటానికి చాలాసార్లు కారణం ఒకటే: లాయరు చేతికి ఏ కాగితం ఏ రోజున చేరింది అన్నది.

ఎక్కడ వేయాలన్నది ముందు తేల్చుకోవాలి. 363 ఒక్కటే ఉంటే ఆ కేసును ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ విచారిస్తారు. ఆయన వేసిన శిక్ష మీద అప్పీలు జిల్లాలోనే, సెషన్స్ కోర్టుకు. 366 గానీ పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) గానీ జత కలిసిందంటే తీర్పు సాధారణంగా సెషన్స్ జడ్జిది, అప్పీలు హైకోర్టుకు: తెలంగాణ వాళ్లకు హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు 2019 జనవరి 1 నుంచి అమరావతి. సేవ ఇచ్చే గుమ్మాలు కూడా వేరు. సెషన్స్ అప్పీలుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, చాలా జిల్లాల్లో అక్కడి డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు, అంటే ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే లాయర్ల ఆఫీసు. హైకోర్టు అప్పీలుకు హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ. జిల్లా ఆఫీసులో ఇచ్చిన అర్జీని వాళ్లే హైకోర్టు కమిటీకి పంపుతారు, కానీ ఆ ప్రయాణంలో రోజులు కరుగుతాయి. గడువు దగ్గర పడితే జైలు నుంచి నేరుగా హైకోర్టు కమిటీకే పంపించమని అడగడం మంచిది.

గడువు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60. ఈ లెక్కలో తప్పులు ఎక్కువ, అందుకే ఒక ఉదాహరణ. మార్చి 3న తీర్పు వచ్చింది. ఆ రోజును లెక్కలోంచి తీసేస్తే అరవయ్యో రోజు మే 2. సర్టిఫైడ్ కాపీకి మార్చి 10న దరఖాస్తు పెట్టారు, మార్చి 24న కాపీ సిద్ధమైంది. ఆ 15 రోజులూ మినహాయింపే, కాబట్టి గడువు మే 17కు జరుగుతుంది. ఆ రోజు వేసవి సెలవుల్లో పడితే కోర్టు తిరిగి తెరిచిన రోజున వేసుకోవచ్చు. ఈ తేదీలన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, సర్టిఫైడ్ కాపీ మీద వేసే ముద్రలోనే: దరఖాస్తు తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. ఇంటివాళ్లు జిరాక్స్ తీయించి లాయరుకు ఇచ్చేటప్పుడు ఆ ముద్ర ఉన్న పేజీని వదిలేస్తారు. దాంతో రోజుల లెక్క గాల్లో తేలుతుంది, రిజిస్ట్రీ అభ్యంతరం పెడుతుంది. గడువు దాటినా తలుపు మూసుకోదు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి, జైల్లో ఉన్నవాళ్ల విషయంలో కోర్టులు ఉదారంగానే చూస్తాయి. అయితే ఆ పిటిషన్ తేలేదాకా శిక్ష సస్పెన్షన్ మాట కదలదు. మనిషి లోపలే ఉంటాడు.

ఎవరికి ఇస్తారన్న ప్రశ్న దగ్గర ఈ సేవకు పూర్తి మార్కులు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేదు. ఎకరాలున్నా, ఉద్యోగమున్నా, జైల్లో ఉన్నాడంటే అర్హుడే. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు కూడా ఆదాయం అడ్డు కాదు. మన ఆఫీసుల్లో అలవాటుగా ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు అడిగేవాళ్లు తగులుతారు. ఖైదీ అర్జీకి అవి అక్కర్లేదు, మర్యాదగానే ఆ మాట చెప్పవచ్చు. అర్జీ మీద నిర్ణయానికి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) పెట్టుకున్న గడువు గరిష్ఠంగా ఏడు రోజులు. దేశమంతటికీ ఒకటే హెల్ప్‌లైన్, 15100.

జైలు లోపలి సంగతి. ప్రతి జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి, పారా లీగల్ వాలంటీర్లు (లాయర్లు కాకపోయినా శిక్షణ పొందిన సహాయకులు) వస్తుండాలి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖైదీల న్యాయ సహాయంపై ఇచ్చిన తీర్పులో ఈ క్లినిక్కులు సరిగా నడిచేలా చూడమని మళ్లీ గట్టిగా చెప్పింది. ఖైదీ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు: అర్జీ మీద సంతకం, వకాలత్ మీద సంతకం లేదా వేలిముద్ర, దాని కింద జైలు అధికారి ధ్రువీకరణ. ఈ మూడోది లేకుండా వచ్చిన వకాలత్ వెనక్కి వెళ్తుంది. జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీ నేరుగా అప్పీలు పంపుకునే వీలు కూడా చట్టంలో ఉంది. అదే జైలు అప్పీలు. కోర్టు దాన్ని తీసుకుని లీగల్ ఎయిడ్ లాయరును పెడుతుంది. గడువు రేపో ఎల్లుండో ముగుస్తుందనగా ఇదే దిక్కు. అందులో కారణాలు పెద్దగా రాయలేరు కనుక, లాయరు వచ్చాక అదనపు కారణాలు దాఖలు చేయమని తప్పకుండా అడగాలి.

తీర్పు కాపీ గురించి చిన్న పిట్టకథ. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన హోస్కోట్ తీర్పు, జైల్లో ఉన్నవాడికి అప్పీలు హక్కు కాగితం మీద మిగిలిపోకూడదంటే రెండు కావాలంది: తీర్పు ప్రతి సకాలంలో ఉచితంగా అందాలి, లాయరును ప్రభుత్వం ఖర్చుతో ఇవ్వాలి. ఖైదు శిక్ష పడ్డవారికి తీర్పు చెప్పిన వెంటనే ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలని చట్టమూ చెబుతోంది. కొసమెరుపేమిటంటే, ఆ ప్రతి చాలామంది ఖైదీల దగ్గర మడతపెట్టి సంచీలో ఉంటుంది, బయట ఇంటివాళ్లు మాత్రం కాపీ కోసం కోర్టు చుట్టూ తిరుగుతుంటారు. ములాఖత్‌లో మొదట అడగాల్సింది అదే.

ఇక దాఖలు. హైకోర్టులో పత్రాలు పెట్టగానే వచ్చేది అప్పీలు నంబరు కాదు, ఎస్.ఆర్. నంబరు. రిజిస్ట్రీ పరిశీలించి అభ్యంతరాలు రాస్తుంది, సరిదిద్ది మళ్లీ పెట్టాలి. అప్పుడు గానీ క్రిమినల్ అప్పీలు నంబరు రాదు. "నంబరయింది" అని ఎవరైనా చెబితే ఏ నంబరో అడగండి. ఎస్.ఆర్. దగ్గరే నెలలు ఆగిన ఫైళ్లుంటాయి. ఈ కేసుల్లో తరచూ వచ్చే అభ్యంతరం ఇంకోటుంది. లైంగిక నేరాల సెక్షన్లు కలిసిన కేసులో బాధితురాలి పేరు, తండ్రి పేరు, ఊరు, బడి అప్పీలు మెమోలో రాయకూడదు. అమ్మాయిని "బాధితురాలు" అనో, పి.డబ్ల్యు. (ప్రాసిక్యూషన్ సాక్షి) నంబరుతోనో రాయాలి. కింది కోర్టు పత్రాల్లోంచి యథాతథంగా దింపే గుమాస్తాల పుణ్యమా అని ఇది జరుగుతూనే ఉంటుంది. ఫైలు వెనక్కి రావడం ఒక్కటే నష్టం కాదు, పేరు బయటపెట్టడమే ఒక నేరం.

శిక్ష సస్పెన్షన్ దగ్గరే లాయర్ల తేడా తెలుస్తుంది. 363 కింద నేరం బెయిలబుల్. చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు మరి. బెయిలబుల్ నేరంలో శిక్ష పడి, అప్పటికి బెయిలు మీద ఉన్న మనిషి, అప్పీలు వేసుకుంటానంటే, శిక్ష వేసిన కోర్టే అప్పీలు వేసుకునేంత కాలం వదిలిపెట్టాలి. కాదనాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 389(3), కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 430(3). అంటే 363 ఒక్కటే రుజువై, 366 కొట్టేసిన కేసుల్లో మనిషి ఆ రోజు జైలుకే వెళ్లనక్కర్లేదు. తీర్పు చదివిన పది నిమిషాల్లో అలా వదిలిపెట్టమని కోరే మెమో వేయాలి, జామీనుదారులు కోర్టు ఆవరణలోనే ఉండాలి. సాయంత్రమైతే కన్విక్షన్ వారెంటు మీద జైలుకే. డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులు చురుగ్గా ఉన్నచోట ఈ మెమో ముందే టైపు చేసి ఉంటుంది. లేనిచోట "హైకోర్టులో చూసుకుందాం" అంటారు. ఆ ఒక్క మాట విలువ కొన్ని నెలల జైలు.

366 కింద అయిదేళ్లో ఏడేళ్లో పడితే, అప్పీలు కోర్టులో సస్పెన్షన్ పిటిషన్ వేయాలి. నిర్ణీత కాలపు శిక్షల్లో, ప్రత్యేక కారణాలు అడ్డురాకపోతే, సస్పెన్షన్‌ను ఉదారంగా పరిశీలించాలని సుప్రీంకోర్టు 1999లోనే గుజరాత్ కేసులో చెప్పింది. ఎందుకంటే అప్పీలు విచారణకు వచ్చేలోపు శిక్షే పూర్తయిపోతుంది. పదేళ్లు లేదా అంతకు మించిన శిక్షకు వీలున్న నేరమైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అక్కడ వాయిదాలు పెరుగుతాయి. పోక్సో 6 కింద ఇరవై ఏళ్లు పడ్డ కేసుల్లో సస్పెన్షన్ కష్టమే. ఫ్రీ లాయరైనా ఫీజు లాయరైనా అక్కడ పిటిషన్‌కు బలం రికార్డులోంచే రావాలి.

ఆ పిటిషన్‌కు ఉండాల్సిన ప్రాణం కస్టడీ లెక్క. అరెస్టు తేదీ, బెయిలు మీద విడుదలైన తేదీ, తీర్పు తేదీ నుంచి నేటిదాకా జైలు, రెండూ కలిపి ఎన్ని నెలలు, ఎన్ని రోజులు. జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తెప్పించి జతచేస్తే జడ్జి ఒక్క చూపులో చూస్తారు. ప్యానెల్ లాయర్ల (లీగల్ ఎయిడ్ జాబితాలోని లాయర్ల) పిటిషన్లలో "పిటిషనర్ చాలాకాలంగా జైల్లో ఉన్నారు" అన్న వాక్యం ఉండి, ఈ లెక్క ఉండకపోవడం మామూలు లోపం. ఇంటివాళ్లు ఆ తేదీలు ఒక తెల్ల కాగితం మీద రాసి ఇచ్చినా చాలు.

జీవిత ఖైదు పడ్డవాళ్లు 2016 నాటి ఉమ్మడి హైకోర్టు ఉత్తర్వు పేరు ఎత్తుతారు. శిక్ష పడ్డాక అయిదేళ్లు జైల్లో గడిపి, అప్పీలు ఇంకా పెండింగులో ఉంటే బెయిలు అడగవచ్చన్నది దాని సారం. కానీ డబ్బు కోసం చేసిన కిడ్నాపులను ఆ ఉత్తర్వే మినహాయించింది. 364ఏ కింద శిక్ష పడ్డవాళ్లకు ఆ దారి లేదని లాయరు మొదటి రోజే చెప్పాలి.

364ఏ అప్పీలు వేరే జాతి. దానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. హైదరాబాద్‌లో ఒక ఆటోడ్రైవర్ బడిపిల్లాణ్ని ఎత్తుకెళ్లి 2 లక్షలు అడిగిన కేసు. కింది కోర్టు జీవిత ఖైదు వేసింది, హైకోర్టు సరే అంది. 2021 జూన్ 28న జస్టిస్ అశోక్ భూషణ్ ధర్మాసనం 364ఏను కొట్టేసి, నేరాన్ని 363కు దించి, ఏడేళ్ల శిక్ష వేసింది. ఎలా? 364ఏలో మూడు మెట్లున్నాయి. కిడ్నాప్ చేయాలి. చంపుతాననో గాయపరుస్తాననో బెదిరించాలి, లేదా అలాంటి భయం కలిగేలా ప్రవర్తించాలి. డబ్బు అడగాలి. ఆ కేసులో రెండో మెట్టుకు సాక్ష్యం లేదు, పిల్లాణ్ని బాగానే చూసుకున్నాడని సాక్ష్యంలోనే ఉంది. డబ్బు అడిగాడు కాబట్టి ఆటోమేటిగ్గా 364ఏ అనుకోవడం ఎంత తప్పో ఆ తీర్పు చెప్పింది. జీవిత ఖైదుకీ ఏడేళ్లకీ మధ్య ఉన్నది సాక్షుల వాంగ్మూలంలోని రెండు మూడు పంక్తులు. ప్యానెల్ లాయరు ఆ పంక్తుల దాకా చదివారా లేదా అన్నదే ఈ సేవ నాణ్యతకు అసలు కొలత.

మిగతా కేసుల్లో, అంటే ప్రేమ వ్యవహారాలే ఎక్కువగా కిడ్నాప్ కేసులయ్యేచోట, అప్పీలు మూడు చోట్ల నిలుస్తుంది లేదా పడుతుంది.

మొదటిది వయసు. ఐపీసీ 361 ప్రకారం అమ్మాయికి 18 లోపు, అబ్బాయికి 16 లోపు ఉంటేనే సంరక్షకుల నుంచి కిడ్నాప్. కొత్త న్యాయ సంహితలో ఇద్దరికీ 18. పదహారున్నరేళ్ల అబ్బాయిని 2023లో తీసుకెళ్లిన కేసులో 363 నిలవదు. ఇలాంటి తేదీ తేడా ఎవరూ చూడకుండా దాటిపోయే ప్రమాదం ఉంది. వయసు రుజువుకు జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 94వ సెక్షన్ వరుస పెట్టింది: బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన దగ్గర పదో తరగతి మెమో మీద పుట్టినతేదీ ఉంటుంది కాబట్టి పది పాసైన అమ్మాయి కేసులో ఈ వాదనకు చోటు తక్కువ. చోటున్నది పది దాకా రాని కేసుల్లో. అక్కడ ప్రాసిక్యూషన్ పెట్టేది తరచూ టి.సి. లేదా స్టడీ సర్టిఫికెట్. 2023 జులైలో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ 94వ సెక్షన్ చెప్పిన పత్రాల్లోకి రాదని తేల్చింది. కాబట్టి ప్యానెల్ లాయరును అడగాల్సిన ప్రశ్నలు ఇవి: వయసు కోసం గుర్తించిన ఎగ్జిబిట్ నంబరెంత, దాన్ని రుజువు చేసిన సాక్షి ఎవరు, అడ్మిషన్ రిజిస్టరు కోర్టుకు తెచ్చారా, ఆ తేదీ దేని ఆధారంగా రాశారని హెడ్‌మాస్టరును క్రాస్‌లో అడిగారా? తండ్రి చెప్పిన తేదీ రాసుకుని జూన్ నెలలో పుట్టినట్టు చూపించే బడి రికార్డులు మన ఊళ్లలో కొత్త కాదు. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే అంది. ఆధార్ కార్డు చూపించి మాత్రం వయసు గెలవలేరు.

రెండోది "తీసుకెళ్లడం". 1964 నాటి వరదరాజన్ తీర్పు ఇప్పటికీ ఈ అప్పీళ్లకు వెన్నెముక. మద్రాసులో డిగ్రీ చదువుతున్న, పద్దెనిమిది నిండడానికి కొంతకాలమే ఉన్న అమ్మాయి తానే ఫోన్ చేసి, చెప్పిన చోటికి వచ్చి, అతనితో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లింది. వెంట రానివ్వడం వేరు, తీసుకెళ్లడం వేరు అంది కోర్టు, అతను విడుదలయ్యాడు. ఈ ఒక్క తీర్పు పట్టుకుని గెలిచేస్తామనుకునే లాయర్లకు 1973 నాటి హర్యానా తీర్పు గుర్తుచేయాలి: బలవంతమో మోసమో ఉండనక్కర్లేదు, రమ్మని నచ్చజెప్పినా చాలు. 2021 జనవరిలో గుజరాత్ కేసులోనూ అమ్మాయి ఇష్టం ఉందన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. శిక్షను మాత్రం అనుభవించిన కాలానికి తగ్గించింది. అందుకే "ఆమె ఇష్టంతోనే వచ్చింది" అన్న ఒక్క వాక్యం అప్పీలు కారణాల్లో కనిపిస్తే ఆ మెమో నాసిరకమని అర్థం. మైనర్ ఇష్టానికి ఇక్కడ విలువ లేదు. ఇల్లు దాటడానికి ముందు ముద్దాయి ఏం చేశాడు, ఏం చెప్పాడు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, బస్సు ఎక్కింది ఎక్కడ, టికెట్ తీసింది ఎవరు: ఇవి సాక్ష్యంలోంచి పేరాల నంబర్లతో రాయాలి. మేజిస్ట్రేటు ముందు అమ్మాయి ఇచ్చిన వాంగ్మూలానికీ, కోర్టులో చెప్పినదానికీ తేడా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టాలి.

మూడోది 366కు మాత్రమే. కిడ్నాప్ రుజువైనంత మాత్రాన పెళ్లికి బలవంతపెట్టే ఉద్దేశమో, శారీరక సంబంధానికి లొంగదీసుకునే ఉద్దేశమో రుజువైనట్టు కాదు. 366 పడిపోయి 363 మిగిలినా, గరిష్ఠం పదేళ్ల నుంచి ఏడేళ్లకు దిగుతుంది. ఆ దిగుడే చాలా అప్పీళ్లలో వాస్తవంగా దొరికే ఫలితం.

రాజీ గురించి ఇంటివాళ్లు తప్పక అడుగుతారు. "ఇప్పుడు పెళ్లయింది, పిల్లలున్నారు, అమ్మాయే అఫిడవిట్ ఇస్తుంది" అని. 363 రాజీకి వచ్చే నేరం కాదు. అలాంటి కేసుల్లో సుప్రీంకోర్టు కొన్నిసార్లు రాజ్యాంగం 142వ అధికరణ కింద కనికరించింది, ఆ అధికారం హైకోర్టుకు లేదు. శిక్ష తగ్గింపు వాదనకు అఫిడవిట్ పనికొస్తుంది, అంతవరకే. "అఫిడవిట్ పెట్టండి, కేసు కొట్టేస్తారు" అని చెప్పే లాయరు ఉచితమైనా ఖరీదే.

శిక్ష లెక్కలోనూ తీర్పు చివరి పేజీని రెండుసార్లు చదవాలి. పాత సీఆర్‌పీసీ కింద నడిచిన కేసులో 363 కింద మూడేళ్లు, 366 కింద అయిదేళ్లు వేసి, రెండూ ఏకకాలంలో అని రాయకపోతే ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిదేళ్లు. జరిమానా కట్టనందుకు పడే అదనపు జైలు వేరు. ట్రయల్ కాలంలో జైల్లో గడిపిన రోజులను దానికి జమ చేయరు. వెయ్యి రూపాయల జరిమానా కట్టక నెల ఎక్కువ ఉన్నవాళ్లుంటారు. అప్పీలు వేశాం కదా, శిక్ష పెరుగుతుందేమోనని భయపడేవాళ్లకు ఒక భరోసా: ముద్దాయి వేసిన అప్పీలులో కోర్టు శిక్షను పెంచలేదు. అందుకు ప్రభుత్వం వైపు నుంచి వేరే అప్పీలు రావాలి.

ఇప్పుడు రెండు మార్కులిచ్చిన విభాగం. అప్పీలు అడ్మిట్ అయ్యాక కింది కోర్టు రికార్డు రావాలి, పేపర్ బుక్ (కేసు పత్రాలన్నీ కలిపిన పుస్తకం) తయారవ్వాలి, తెలుగులో ఉన్న వాంగ్మూలాలకు ఇంగ్లీషు అనువాదాలు కావాలి. ఈలోపు ప్యానెల్ లాయరు మారిపోవచ్చు, ప్యానెల్ గడువే ముగియవచ్చు. కొత్త లాయరు పేరు జైలుకు చేరదు, ఇంటికి అసలే చేరదు. తుది విచారణకు లిస్టయిన రోజు లాయరు లేకపోతే ఏమవుతుంది? హాజరు కాలేదని అప్పీలు కొట్టేయకూడదని, రికార్డు చూసి యోగ్యతల మీదే తేల్చాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. కానీ లాయరు కోసం వాయిదా వేసి తీరాలని లేదు, రికార్డు చూసి తీర్పు చెప్పేయవచ్చు. వాదన లేకుండా వచ్చిన తీర్పు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

దీనికి విరుగుడు ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. ఇ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు) కొడితే ఫైలు ఎక్కడుందో, తదుపరి తేదీ ఎప్పుడో కనిపిస్తుంది. హైకోర్టు వెబ్‌సైట్లో రోజువారీ కాజ్ లిస్టు, అంటే ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా, ఉంటుంది. కమిటీ ఇచ్చిన నియామక పత్రం కాపీ తీసుకుని, అందులోని లాయరు పేరు యాప్‌లో కనిపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. వేరే పేరుందంటే కమిటీకి ఫోన్. లాయరు పని నచ్చకపోతే మార్చమని కమిటీకి రాతపూర్వకంగా అడగవచ్చు. ప్యానెల్ లాయరు డబ్బు అడగకూడదు, ఇచ్చినా పుచ్చుకోకూడదు. "టైపింగ్ ఖర్చులు", "కాపీ ఖర్చులు" అన్న పేరుతో అడిగినా కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, ఆ ఖర్చులు కమిటీయే భరిస్తుంది.

సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చాక కూడా లోపలే ఉండిపోయేవాళ్ల కోసం ఈ సేవలో ఒక మంచి మెట్టు ఉంది, వాడేవాళ్లు తక్కువ. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు జామీన్లు పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తానుగా చూడవచ్చు. ఇద్దరు జామీనుదారులు, ఆస్తి పత్రాలు దొరకని వాళ్లు ఊరంతా తిరగకుండా ముందు ఆ కార్యదర్శికి ఒక అర్జీ పెట్టాలి.

ఫీజు లాయరుతో పోలిస్తే ఎలా? 363 ఒక్కటే ఉన్న సెషన్స్ అప్పీలుకు డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు చాలు. అక్కడివాళ్లు రోజూ అదే పని చేస్తారు, ఆ జిల్లా కోర్టు అలవాట్లు తెలుసు. 366తో అయిదారేళ్లు పడ్డ హైకోర్టు అప్పీలుకు కూడా ఉచిత సేవతో మొదలుపెట్టవచ్చు, పైన చెప్పిన కాగితాలు చేతిలో ఉంటే. 364ఏ, లేదా పోక్సో ఇరవై ఏళ్లు అయితే కమిటీలోని సీనియర్ ప్యానెల్ లాయరును కోరుతూ అర్జీలోనే రాయాలి. అది కుదరకపోతే, శక్తి ఉన్నవాళ్లు తుది వాదనకైనా బయటి లాయరును పెట్టుకోవడం తప్పు కాదు. సస్పెన్షన్‌కు ఒకరు, వాదనకు ఇంకొకరు అనుకుంటే వకాలత్ మార్పుకు మొదటి లాయరు సమ్మతి సంతకం ముందే తీసుకోవాలి, లేదంటే ఆ సంతకం కోసమే ఒక వాయిదా పోతుంది.

ఒక మాట అవతలి వైపు గురించి కూడా. ఇదే సేవ బాధితురాలికీ ఉంది. మైనర్ గనుక, ఆడపిల్ల అయితే ఆ కారణంగానూ, ఆదాయం చూడకుండా లాయరును ఇస్తారు. సస్పెన్షన్ పిటిషన్ విచారణలో ఆ కుటుంబం తన మాట వినిపించుకోవచ్చు. కింది కోర్టు 366 కొట్టేసి 363తో సరిపెట్టిందనిపిస్తే బాధితులే అప్పీలు వేసుకోవచ్చు. అదే గుమ్మం, అదే 15100. ముద్దాయి వైపు ప్యానెల్ లాయరును నియమించిన ఆఫీసే వీళ్లకూ లాయరును ఇస్తుందంటే అనుమానపడే తల్లిదండ్రులుంటారు. లాయర్లు వేరు, ఫైళ్లు వేరు. అయినా మనసు ఒప్పకపోతే వేరే లాయరును ఇవ్వమని అర్జీలోనే రాయవచ్చు, ఆఫీసు దాన్ని తప్పుపట్టదు.